చుక్కాని నూనె – చిత్తశుద్ధి

జూబ్లీ హిల్స్ పెద్దమ్మతల్లి ఆలయమునకు క్రొత్త వాహనములను పూజకు తెచ్చుట భాగ్యనగరవాసులకు అలవాటు. పసుపు కుంకుమలతో బండిని అలంకరింతురు, దిష్టి తీయుదురు, చక్రముల క్రింద నిమ్మకాయలు నలుగును. యజమాని కన్నులు మూసికొని, ఈ బండి ఎక్కినవారిని చల్లగా చూడుమని తల్లిని వేడుకొనును. ఇది మంచి ఆచారము. తన చేతిలోని యంత్రము తనవారినే కాక ఎదుటివారిని సైతము గాయపరుపగలదని గుర్తించి, ఆ భయముతో దైవమును శరణు జొచ్చుట వివేకమే.

ఐతే ఆ ప్రార్థనలో రెండు భాగములున్నవి. మొదటిది అప్పగింత, రెండవది బాధ్యత. "కాపాడుము తల్లీ" అని అప్పగించినవాడు "నేను చేయవలసినది చేయుదును" అను రెండవ మాటను పైకి అనకున్నను మనసున అంగీకరించినట్లే. అట్లు అంగీకరింపనివాని ప్రార్థన సగము ప్రార్థన.

భగవద్గీత రెండవ అధ్యాయమున స్థితప్రజ్ఞుని గూర్చి చెప్పుచు శ్రీకృష్ణ పరమాత్మ ఒక ఉపమానమును తెచ్చెను. ఇంద్రియముల వెంట పరుగిడు మనస్సు, నీటిపై నావను గాలి ఈడ్చుకొనిపోయినట్లు, మానవుని ప్రజ్ఞను హరించునని ఆ ఉపమానము. కఠోపనిషత్తు ఇట్టి సత్యమునే రథముతో పోల్చి చెప్పినది. శరీరము రథము, బుద్ధి సారథి, మనస్సు పగ్గము, ఇంద్రియములు గుఱ్ఱములు. నావ యనుము, రథమనుము, రెండింట తేలునది ఒక్కటియే: వాహనము ఎంత గొప్పదైనను, వేగమెంత అధికమైనను, దానిని త్రిప్పు సాధనము చెడినచో ప్రయాణము చెడును.

మరి ఆ త్రిప్పు సాధనములోనే కల్మషము చేరినచో చేయవలసినదేమి? ఉన్న చెడుపై కొంత మంచిని పోసిన చాలునా? లేక చెడును తీసివేయవలెనా? పుణ్యము పాపమును పలుచన చేయునా, కడుగునా? భక్తులను తరతరములుగా వేధించుచున్న ఈ ప్రశ్నను ఒక చిన్న కథతో విచారింపవచ్చును.

పడవ కథ

ఫిలింనగర్‌లో ఒక చిత్రమునకు జలాశయముపై ఒక దృశ్యము తీయవలసియుండెను. కథానాయకుని బదులు డూపుగా నటించు యువకుడు వేగపు పడవలో వచ్చి, మరొక పడవకు కొన్ని అడుగుల దూరమున మలుపు తీసికొనవలెను. పడవను అద్దెకు తెచ్చిరి. తెల్లని రంగు, ఎఱ్ఱని చార, అద్దమువలె మెరయు ఒడలు. చిత్రీకరణకు ముందునాడు దానిని బండిపై కట్టి, దారిలో పెద్దమ్మతల్లికి మ్రొక్కి, కొబ్బరికాయ కొట్టి నీటియొడ్డునకు చేర్చిరి. పడవ నడుపు సరంగు ఒక చుట్టు తిరిగివచ్చి, చక్రము బిగిసిపోవుచున్నదనియు, త్రిప్పినప్పుడెల్ల లోపల ఏదో మూలుగుచున్నదనియు చెప్పెను. మెకానిక్కును పిలిపించిరి.

అట్టి పెద్ద ఇంజను గల పడవలలో చక్రమును చేతిబలముతోనే త్రిప్పుట కష్టము. కావున పవర్ స్టీరింగును అమర్తురు. ఇంజనుకు బెల్టుతో కట్టిన ఒక పంపు నూనెను ఒత్తిడితో గొట్టముల గుండ త్రోయును. ఆ ఒత్తిడి ఒక సిలిండరులోని పిస్టనును కదల్చును. పిస్టను పడవ వెనుకనున్న మరను పక్కకు త్రిప్పును. పడవ మలుపు తిరుగును. ఈ పనిలో నూనె వేడెక్కును. దానిని చల్లార్చుటకు దారిలో ఒక కూలరుండును. ఇంజను పీల్చుకొనిన జలాశయపు నీరే ఆ కూలరు గుండ ప్రవహించి నూనె వేడిని కొనిపోవును. నీటికిని నూనెకును నడుమ అడ్డముగా నున్నది పలుచని లోహపు గోడ మాత్రమే. చల్లదనము రావలెను గాని నీరు రాకూడదు. అదే ఆ గోడ చేయవలసిన పని.

మెకానిక్కు నూనె డబ్బా మూత విప్పిచూచెను. శుభ్రముగా నున్నపుడు దానిమ్మరసమువలె ఎఱ్ఱగా, తేటగా ఉండు నూనె, పాలు కలిసినట్లు గులాబిరంగుకు తిరిగి, చిక్కగా, నురుగుతో నుండెను.

ప్రొడక్షన్ మేనేజరు చెడ్డవాడు కాడు. అతని తలపై చాల బరువున్నది. ఒక దినము ఆగినచో తారల తేదీలు తప్పును, అద్దెలు పెరుగును, దినభత్యముపై వచ్చిన లైట్‌బాయ్‌లు, వంటవారు, బండ్లు నడుపువారు పని లేక కూర్చుందురు. అందుచేత అతడు తొందరపడి, "నూనె తగ్గినట్టుంది, పై నుంచి ఓ సీసా పోసెయ్యి. ఉన్నది ఒక్క సీనే కదా, రేపు సాయంత్రానికి పడవ వెనక్కి వెళ్ళిపోతుంది" అనెను.

మెకానిక్కు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "పోస్తే పోతది సార్, ఒక గంట నడుస్తది. కానీ మలుపు కాడ చెయ్యి ఇస్తదో ఇయ్యదో నేను చెప్పలేను. ఆ పిల్లగాడు నా కొడుకైతే ఎక్కనియ్య" అనెను.

ధర్మశాస్త్రములు చదువనివాడు ఆ మాటలో ధర్మసూక్ష్మమునంతయు చెప్పెను. ఎదుటివాని బిడ్డను తన బిడ్డ స్థానమున నిలిపి చూచుట కంటె గొప్ప పరీక్ష ధర్మనిర్ణయమున మరొకటి లేదు.

గాలి వేరు, నీరు వేరు

నూనె పాలవలె మారినదనగానే నీరు చేరినదని తీర్మానింపరాదు. గాలి చేరినను నూనె నురుగెత్తి, అట్లే తెల్లబారి కనిపించును. రెండింటిని వేరుపరచు ఉపాయము సులభము. కొంత నూనెను గాజుసీసాలోనికి తీసి కదల్పక ఉంచవలెను. గాలియే ఐనచో బుడగలు మెల్లగా పైకి లేచి విడిపోయి నూనె తిరిగి తేటపడును. నీరు చిలికినట్లు కలిసిపోయినచో ఎంతసేపుంచినను ఆ పాలరంగు వదలదు.

మనస్సునకును ఇదే పరీక్ష. కోపము వచ్చినది, కొంతసేపు మౌనముగా కూర్చుండగా తగ్గిపోయినది. అది గాలి. సంసారమున నలిగినవానికి అట్టి నురుగు దినమునకు పదిమార్లు వచ్చును; దానికి బెంగపడి తాను పాపినని కుమిలిపోవలసిన పని లేదు. కాని జపమునకు కూర్చున్నను, క్షేత్రమునకు పోయినను, ఏకాంతమున నున్నను ఎదుటివాని మేలు చూచి మనసు మండుచునే యున్నచో, పరుల సొమ్ముపై ఆశ తేరుకొనకయే యున్నచో, అది గాలి కాదు, నీరు కలిసినది. భక్తుడు ముందు చేయవలసినది తనను తాను సీసాలోని నూనెవలె కొంతసేపు కదల్పక నిలిపి చూచుకొనుట. సంధ్యావందనమున, ధ్యానమున కలుగు నిశ్చలతకు ఈ ప్రయోజనము కూడ కలదు. కదలుచున్నంతసేపు ఏది నురుగో, ఏది మురికియో తెలియదు.

ఆ రాత్రి సీసాలోని నూనె తేటపడలేదు. నీరే చేరినది.

ముందు చిల్లు, పిమ్మట కడుగుట

అప్పుడును మెకానిక్కు నూనెను మార్చుటకు తొందరపడలేదు. నీరు ఏ దారిన వచ్చినదో ముందు వెదకెను. కూలరును విప్పి, రెండు మూతులు మూసి, గాలి ఎక్కించి నీటితొట్టిలో ముంచగా ఒకచోట సన్నని బుడగలు వరుసగా లేచినవి. లోపలి లోహపు గోడ తుప్పుతో తినివేయబడి సూదిబెజ్జమంత చిల్లు పడినది. దానిని అట్లే ఉంచి నూనెను ఎన్నిసార్లు మార్చినను ఫలమేమి? ఉదయమున పోసిన మంచి నూనె సాయంత్రమునకు మరల పాలరంగు తిరుగును.

శ్రీమద్భాగవతము ఆరవ స్కంధమున పరీక్షిన్మహారాజు శుకమహర్షిని ఇదే ప్రశ్న వేసెను. మానవుడు పాపము చేయును, ప్రాయశ్చిత్తము చేసికొనును, మరల అదే పాపము చేయును. అట్టి ప్రాయశ్చిత్తము ఏనుగు స్నానమువంటిది కాదా? ఏనుగు మడుగున దిగి శుభ్రముగా స్నానమాడి, ఒడ్డెక్కగానే తొండముతో దుమ్మెత్తి ఒడలిపై చల్లుకొనును. రాజు ప్రశ్నలో అవిశ్వాసము లేదు, నిజాయితీ ఉన్నది. శుకుడును ఆ ప్రశ్నను త్రోసిపుచ్చలేదు. కర్మను కర్మతో సమూలముగా తొలగింపజాలమని ఒప్పుకొని, అజ్ఞానమే దానికి మూలమని చూపెను. చిల్లు ఎచ్చట నున్నదో చెప్పుట యనగా ఇదే.

లోకమున కొందరు వ్యాపారమున తూకము తగ్గింతురు. ఆ లాభములో ఒక పాలు దేవునికి సమర్పింతురు. కూలివానికి ఇయ్యవలసినది ఇయ్యరు. అన్నదానమునకు పేరు వ్రాయింతురు. దానమును నిందింపరాదు, ఆ అన్నము తిన్నవాని ఆకలి తీరుట నిజమే. కాని ఇచ్చినవానికి మాత్రము అది చిల్లు పూడ్చక పోసిన మంచి నూనె. తూకము సరిచేసిననాడు, కూలి చెల్లించిననాడు చిల్లు పూడినది. ఆ పిమ్మట చేసిన దానము నిలుచును.

ఎన్నిమార్లు?

కూలరు మార్చిన పిమ్మట కడుగుట ప్రారంభమైనది. ఇచ్చట ఒక లెక్క ఉన్నది. నూనె అంతయు డబ్బాలోనే యుండదు; పంపులో, గొట్టములలో, సిలిండరులో నిండియుండును. మొత్తము నూనెలో మూడవ వంతు మాత్రమే డబ్బాలోనున్నదనుకొన్నచో, దానిని తోడివేసి క్రొత్తది పోసి, చక్రమును ఇటునటు త్రిప్పి కలియనిచ్చిన తరువాత, పాత నూనె నూటికి 67 పాళ్ళు మిగిలియే యుండును. రెండవసారికి 44, మూడవసారికి 30, నాలుగవసారికి 20, ఐదవసారికి 13, ఆరవసారికి 9. ఆరుసార్లు మార్చినను పాతది పూర్తిగా పోదు. అందుచేత తెలిసినవారు తిరుగుగొట్టమును విప్పి, దాని కొనను వేరొక పాత్రలో ఉంచి, ఒకవైపు మురికి నూనె బయటకు పోవుచుండగా, రెండవవైపు డబ్బాలో క్రొత్త నూనెను ఎడతెగక పోయుచుందురు. బయటకు వచ్చునది లోపలికి పోసినదానివలె ఎఱ్ఱగా, తేటగా కనిపించువరకు ఆపరు. పిమ్మట కొంత నడిపి, మరల పరీక్షించి, అవసరమైనచో మరల కడుగుదురు.

ఈ పద్ధతిలో ఒక జాగ్రత్త ముఖ్యము. మురికినంతయు ముందు ఖాళీ చేసి పంపును వట్టిగా త్రిప్పరాదు. ఆ పంపునకు నూనెయే చల్లదనము, నూనెయే రక్షణ. వట్టిగా తిరిగినచో లోపలి రేకులు ఒరసికొని అరిగిపోవును. తీయుటయు పోయుటయు కలిసి సాగవలెను.

మొదట వేసిన ప్రశ్నకు సమాధానము ఇచ్చటనే కలదు. నింపుటయా, కడుగుటయా అని అడిగినచో, కడుగుట లేని నింపుట వ్యర్థము; నింపుట లేని కడుగుట ప్రమాదము. కేవలము "ఇది మానవలెను, అది మానవలెను" అని తన దోషములనే తలచుచు మనసును వట్టిగా త్రిప్పుకొన్నవాడు త్వరలో అరిగిపోవును, నిరాశ పాలగును. దోషమును వెలికి పంపుచుండగనే భగవన్నామమును, సత్సంగమును, సేవను లోపలికి పోయుచుండవలెను. పతంజలి మహర్షి నియమములను లెక్కించుచు శౌచమును మొదటను, ఈశ్వరప్రణిధానమును చివరను ఉంచెను. కడుగుటతో మొదలైనది సమర్పణతో నిండును.

లెక్క చెప్పు రెండవ పాఠము ఓర్పు. ఒక వ్రతముతో, ఒక యాత్రతో అంతయు శుద్ధి కానందుకు ఎవడును కుంగరాదు. నూటిలో 67 మిగిలినవని దుఃఖించువాడు 33 పోయినవని గుర్తింపవలెను. ఐతే ఆ 33 చూచుకొని ఆగిపోవువాడు మోసపోవును. మొదటి మార్పు తరువాత రంగు కొంత మెరుగగును. అచ్చటనే చాలమంది తృప్తిపడి మూత బిగింతురు.

నామము చాలదా?

ఇచ్చట భక్తుడు ఒక అభ్యంతరము తెలుపవచ్చును. "ఇంత లెక్క యేల? అజామిళుడు మరణకాలమున కొడుకును పిలుచుచు నారాయణ యనగానే విష్ణుదూతలు వచ్చి రక్షింపలేదా? నామమహిమకు సూదిబెజ్జపు చిల్లు అడ్డమా?" అని.

ఈ అభ్యంతరము తేలికగా కొట్టివేయదగినది కాదు. నామము పావనమని భాగవతమంతయు చాటుచున్నది. అజామిళుని కథయు పరీక్షిత్తు వేసిన ఏనుగు స్నానపు ప్రశ్నకు వెన్వెంటనే శుకుడు చెప్పినదే. కాని ఆ కథను సగములో ఆపి చదువుట లోకమునకు అలవాటైనది. విష్ణుదూతలు విడిపించిన పిమ్మట అజామిళుడు మరల తన పాత ఇంటిలో పాత బ్రతుకునకు తిరిగిపోలేదు. తాను విడిచిన తల్లిదండ్రులను, ధర్మపత్నిని తలచుకొని పశ్చాత్తాపపడెను. బంధములు త్రెంచుకొని గంగాద్వారమునకు పోయెను. ఇంద్రియములను నిగ్రహించి యోగమున నిలిచెను. ఆ పిమ్మటనే వైకుంఠము చేరెను. నామము అతనికి తలుపు తెరచినది, నడచినవాడు అతడే. నామమును తలుపుగా గాక తెరగా వాడుకొని, దాని వెనుక పాపమును దాచుకొనువానికి అజామిళుడు ఆదర్శము కాజాలడు.

దేవుని యింటను కడుగుదురు

దేవుని సన్నిధియే సర్వపావనమైనపుడు ఆలయమునకు శుద్ధి యేల యని ఎవరైన అడుగవచ్చును. ఆలయము స్వయముగా ఆ ప్రశ్నకు ఆచరణతో బదులు చెప్పుచున్నది. తిరుమలలో సంవత్సరమునకు నాలుగుసార్లు, ఉగాదికి, ఆణివార ఆస్థానమునకు, బ్రహ్మోత్సవములకు, వైకుంఠ ఏకాదశికి ముందు, కోయిల్ ఆళ్వార్ తిరుమంజనము జరుగును. ఆనందనిలయము మొదలు గోడలు, పైకప్పులు, పూజాసామగ్రి వరకు కడిగి, కర్పూరము, గంధము, కిచ్చిలిగడ్డ మున్నగు సుగంధద్రవ్యములు కలిపిన లేపమును పూయుదురు. శ్రావణమాసమున మూడు దినములు జరుగు పవిత్రోత్సవము ఇంకను వినయపూరితమైనది. ఏడాది పొడవున అర్చకులవలన, సిబ్బందివలన, యాత్రికులవలన తెలిసియో తెలియకయో జరిగిన లోపములకు పరిహారముగా ఆ ఉత్సవము చేయుదురు. లోపమే జరుగలేదని ఆలయము వాదింపదు. జరిగియుండునని ముందే ఒప్పుకొనును.

పండ్రెండేండ్లకొకసారి జరుగు అష్టబంధన మహాసంప్రోక్షణములో కడుగుట మాత్రమే కాదు, పూడ్చుట కూడ కలదు. ఎనిమిది ద్రవ్యములు కలిపి నూరిన బంధనమును మూలమూర్తి పీఠము చుట్టునుగల సందులలో నింపుదురు. తిరుమలలో 2018 ఆగస్టున ఈ కార్యము జరిగినది. కాలక్రమమున పాత బంధనము సడలును. అభిషేకజలము సందులలోనికి చేరును. కావున దానిని తీసి క్రొత్తది నింపవలెను. సాక్షాత్తు స్వామి పాదపీఠమునకే బంధనము సడలుట సహజమైనపుడు, మానవుడు తన మనోనిగ్రహమునకు సడలింపు లేదని గర్వించుట ఎట్లు పొసగును? జూబ్లీ హిల్స్ కొండపై 2019లో ప్రతిష్ఠితుడైన శ్రీవేంకటేశ్వరుని దర్శించు భక్తుడు ఈ ఒక్క విషయమును తలచినను దర్శనఫలము రెట్టింపగును.

తీసిన మురికి ఎచ్చటికి?

అర్ధరాత్రి దాటిన తరువాత పని ముగియవచ్చెను. క్రొత్త నూనె తేటగా తిరుగుచున్నది. ఇంజను ఆపి, చక్రమును ఈ కొసనుండి ఆ కొసకు మెల్లగా పలుమారులు త్రిప్పి, లోపల చిక్కుకొనిన గాలిని తీసివేసిరి. నూనెను గీటు వరకే నింపిరి. వేడెక్కినపుడు వ్యాకోచించును గనుక గీటు దాటరాదు. పక్కన రెండు డబ్బాల నిండ మురికి నూనె మిగిలినది. సరంగు వాటిని ఎత్తి, "ఉస్తాద్, చీకట్లో ఎవరు చూస్తరు, చెరువుల పోసేస్తా" అనెను. మెకానిక్కు అతని చేయి పట్టుకొని ఆపెను.

చిత్తశుద్ధిని గూర్చిన ప్రసంగములు తరచుగా మరచు ఘట్టమిది. తాను శుభ్రపడినవాడు తన మురికిని ఎచ్చట వదలెను? జూబ్లీ హిల్స్ వాలున నున్న దుర్గం చెరువు కుతుబ్‌షాహీల కాలమున గోల్కొండ కోటకు త్రాగునీరిచ్చినది. తరువాతి కాలమున చుట్టును కాలనీలు పెరిగి, ఇండ్ల మురుగు దానిలో చేరినది. పై ఇండ్లు ఎంత శుభ్రముగా నున్నను, ఆ శుభ్రతకు మూల్యమును క్రిందనున్న నీరు చెల్లించినది. 2020లో ఆ చెరువుపై తీగల వంతెన వెలసి, రాత్రివేళ దీపకాంతిలో చూపరులను అలరించుచున్నది. వంతెన మెరయుచున్నంత మాత్రమున దాని క్రింది నీటిని మరువరాదు.

నూనె నీటిపై పలుచగా పరచుకొని, గాలిలోని ప్రాణవాయువు నీటిలో కరుగుటకు అడ్డుపడును. చేపలకు, నీటిమొక్కలకు కీడు చేయును. కావుననే వాడిన నూనెను ప్రమాదకర వ్యర్థముగా ఎంచి, అనుమతి పొందినవారికే అప్పగింపవలెనని 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమములు శాసించుచున్నవి. చట్టము చెప్పకున్నను ధర్మము చెప్పును. ఆ నూనెను చెరువులో పోసినచో పడవ శుద్ధియైనది గాని కల్మషము పోలేదు, చోటు మారినది. ఏ నీరు నూనెను చెరచినదో ఆ నీటినే నూనె చెరుచును.

మానవుల నడుమ ఇట్టి బదలాయింపు నిత్యము జరుగుచున్నది. యజమానివద్ద అవమానపడినవాడు ఇంటికి వచ్చి భార్యపై విసుగు కుమ్మరించి తాను తేలికపడును. తన తప్పును సేవకునిపై మోపి ఒకడు నిర్దోషి యగును. ఉపవాసముండి ఒకడు ఇంటిల్లిపాదిని కసురుకొనును. వీరందరు తమ డబ్బా కడుగుకొని ఎదుటివాని చెరువులో పోసినవారే. నిజమైన శుద్ధి కల్మషమును ఇంకొకరికి అంటింపదు. దానిని తానే మోసికొనిపోయి తగినచోట అప్పగించును. తప్పు చేసినవాడు బాధితుని ఎదుట నిలిచి "తప్పు నాది" అని ఒప్పుకొనుట, నష్టమును పూడ్చుట, భగవంతుని పాదములకడ ఆ భారమును దింపుకొనుట, ఇవియే ఆ తగిన చోటులు.

తెరపై కనిపించనిది

మరునాడు చిత్రీకరణ మూడు గంటలు ఆలస్యముగా మొదలైనది. మేనేజరు పదిమందికి సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చినది. తన తొందరపాటునకు ఎవరిని నిందింపక, పనివారి భత్యమున కోత పడకుండ చూచెను. అదియు ఒక శుద్ధియే. పడవ వేగముగా వచ్చెను. మలుపుకడ సరంగు చక్రమును త్రిప్పగా, పిలిచిన పలికినట్లు పడవ తిరిగెను. డూపుగా నిలిచిన యువకుడు నవ్వుచు ఒడ్డెక్కెను. ఆ దృశ్యము తెరపై కొన్ని క్షణములు మాత్రమే నిలుచును. చూచినవారికి తెల్లని పడవ, ఎఱ్ఱని చార, నీటి తుంపరలు కనిపించును. నూనె కనిపించదు. కడిగినవాని పేరును కనిపించదు.

చిత్తశుద్ధికి బహుమానము ఇట్లే యుండును. అది జరుగనిదానిలో కలదు. జరుగవలసిన ప్రమాదము జరుగలేదు. ఒక తల్లి కడుపుకోత తప్పినది. ఒక ఇంటిలో దీపము వెలుగుచున్నది. జరుగనిదానికి ఎవరును చప్పట్లు కొట్టరు. పైమెరుగులకు ప్రసిద్ధమైన సినిమాలోకమున ఈ సత్యము మరింత స్పష్టముగా తోచును గాని, నిజమునకు ప్రతి ఇల్లును ఒక తెరయే. ప్రతి మానవుడును నలుగురు చూచునది ఒకటి, చూడనిది ఒకటి మోయుచుండును. చూడనిదానిని చూచువాడు ఒక్కడే. మూత తెరువకయే లోపలి రంగు తెలిసినవాడు ఆయన.

పెద్దమ్మతల్లి సన్నిధిలో నలిగిన నిమ్మకాయ వ్యర్థము కాలేదు. ఆ దినము కాపాడుమని వేడుకొనిన ప్రార్థనకు తల్లి ఇచ్చిన బదులు, అర్ధరాత్రి దీపము క్రింద చేతులకు నూనె పూసికొని పనిచేసిన ఆ మెకానిక్కే యని భావించుటలో తప్పు లేదు. దైవము తరచుగా మనుష్యుల మనస్సాక్షి ద్వారమున కాపాడును. ఆ ద్వారమును తెరచియుంచుట మానవుని వంతు.

బుద్ధియను చుక్కానిని నడుపు తైలమున మాలిన్యము చేరినపుడు దానిని గుర్తించు నిశ్చలతను, వచ్చిన దారిని వెదకి పూడ్చు ధైర్యమును, తేటపడువరకు కడుగు ఓర్పును, తీసిన మాలిన్యమును మరియొకరిపై పోయని దయను ఆ పరాత్పరుడు భక్తులెల్లరకు ప్రసాదించుగాక!